అమ్మకానికి ముందు ఇంటి బాహ్య అలంకరణ

ఇంటిని అమ్మకమునకు పెట్టుటకు ముందు, వీధి నుండి చూచువారికి కనిపించు భాగములను బాగుచేయించి, రంగులు వేయించి తీర్చిదిద్దుటను అమ్మకానికి ముందు ఇంటి బాహ్య అలంకరణ అంటారు. ముందుగోడ, పిట్టగోడ, కిటికీల పైనున్న సజ్జలు, సింహద్వారము, అరుగులు, మెట్లు, ప్రహరీ గోడ, గేటు, ముంగిలి ఈ పనిలోకి వస్తాయి. తాపీ పనివారు, ఇళ్ళ మధ్యవర్తులు ముందుభాగమును ‘ఎలివేషన్’ అని వ్యవహరిస్తారు. అమెరికాలో ఇళ్ళ వ్యాపారులు ఇదే విషయమును ‘కర్బ్ అప్పీల్’ అంటారు. అంటే కాలిబాట అంచున నిలబడి చూచినపుడు ఇల్లు కలిగించు ఆకర్షణ అని భావము.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములలో ఈ పనికి ఒక ప్రత్యేకత కలదు. పలకలకు పేరుపొందిన రాయి ఇక్కడే దొరుకుతుంది. బడిపిల్లల పలకగా మొదలైన ఆ రాయి ఇప్పుడు ఇంటి ముందుగోడకు తాపడముగా కూడా చేరినది. ఆ రాతికి అందము, మన్నిక రెండూ ఉన్నాయి. అయితే దానిని మోయగల గోడకు అతికినపుడే అవి నిలుస్తాయి. చెమ్మను, పగుళ్ళను కప్పిపుచ్చుటకు అతికించిన రాయి కొన్నవారికి నష్టమును, అమ్మినవారికి వివాదమును తెచ్చును.

ప్రాంతము, ఇళ్ళ తీరు

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతములు పూర్వము కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు ఇవి అందులో చేరినవి. ఆ జిల్లా పేరు 1972లో ప్రకాశం జిల్లాగా మారినది. అప్పటి నుండి ఈ నేలను పశ్చిమ ప్రకాశం అని పిలుచుట అలవాటు. 2025 చివర మార్కాపురం కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడినా ఆ వాడుక పోలేదు.

నల్లమల కొండలకు ఆనుకొని ఉన్న ఈ ప్రాంతము వర్షము తక్కువగా పడు మెట్ట నేల. కంభం చెరువు వంటి ప్రాచీన జలాశయము ఉన్నప్పటికీ కరవు ఇక్కడివారికి కొత్త కాదు. పంటలు పోయిన ఏటి అప్పులు, ఆడపిల్ల పెళ్ళి, హైదరాబాదుకో బెంగుళూరుకో వలస, అన్నదమ్ముల పంపకములు ఇల్లు అమ్ముటకు తరచుగా కనిపించు కారణములు. అమ్మువానికి సాధారణముగా తొందర ఉంటుంది. చేతిలో డబ్బు ఉండదు. కొనువానికి అది జీవితకాలపు కూడబెట్టు. ఇంటి ముందుభాగముపై పెట్టు ఖర్చును ఈ రెండు సంగతులు గుర్తుంచుకొని లెక్క కట్టవలెను.

ఇక్కడి ఇళ్ళను స్థూలముగా రెండు రకములుగా చూడవచ్చును. మొదటివి పాత మిద్దెలు. వీటి గోడలు రాతితో, మట్టి అడుసుతో కట్టినవి. పైకప్పు దూలములు, దంతెలు, బండలు లేదా కట్టెలు పరచి వాటిపై మట్టి వేసినది. వీధివైపు అరుగులు ఉంటాయి. రెండవవి సిమెంటు, ఇనుప కడ్డీలతో వేసిన కాంక్రీటు స్లాబు గల డాబాలు. బయటి నుండి రెంటికీ ఒకే రంగు వేయవచ్చును గాని రెంటి గోడల స్వభావము ఒకటి కాదు. ఈ తేడా తెలియక చేయించిన పనులే ఎక్కువగా చెడిపోతాయి.

సున్నము నుండి ఎలివేషన్ వరకు

ఇంటి ముఖమును తీర్చిదిద్దుట తెలుగునాట కొత్త విషయము కాదు. సంక్రాంతికి ముందు గోడలకు సున్నము కొట్టుట, అరుగులకు, గోడల అడుగు భాగమునకు ఎర్రమట్టి పూయుట, గడపకు పసుపు రాసి బొట్లు పెట్టుట, వాకిట కళ్ళాపి చల్లి ముగ్గు వేయుట ఏటేటా జరుగు పనులే. వీటికి అమ్మకముతో సంబంధము లేదు. ఏటా ఇలా చూచుకొన్న ఇంటికి అమ్ముటకు ముందు ప్రత్యేకముగా చేయవలసినది చాలా తక్కువగా ఉంటుంది.

సున్నపు పూతకు తగిన కారణము కూడా ఉన్నది. రాతి సున్నమును నీటిలో మురగబెట్టి, గుడ్డలో వడకట్టి, తుమ్మజిగురు వంటిది కొద్దిగా కలిపి, తెల్లదనము కొరకు కాస్త నీలిమందు చేర్చి రెండు మూడు పూతలు కొడతారు. పూసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని తిరిగి సున్నపురాయిగా గట్టిపడుతుంది. దీనిలో సన్నని రంధ్రములు ఉండుట వలన గోడలోని తేమ బయటకు పోగలదు. తెల్లని పూత ఎండను వెనుకకు మళ్ళించును. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఊళ్ళలో ఇది చిన్న మేలు కాదు.

తరువాత సిమెంటు రంగులు వచ్చినవి. వాటిలో ‘స్నోసెం’ ఎంత ప్రచారము పొందినదంటే, ఆ పేరు సిమెంటు రంగులన్నిటికీ జాతిపేరుగా మారిపోయినది. ఆపై పుట్టీ, ప్రైమరు, ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు వచ్చినవి. 1990ల తరువాత డాబాల ముందు స్తంభములు, అర్ధచంద్రాకారపు పిట్టగోడలు, టైల్సు, రాతి తాపడము పెరిగినవి. ‘ఎలివేషన్’ అన్న మాట ఇంటి పటములోని ఒక భాగపు పేరుగా ఉండి, ముందుగోడ సింగారమునకు పేరుగా స్థిరపడినది.

పలకరాయి

పలకరాయి బంకమన్ను, ఒండ్రు పొరలుగా పేరుకొని, భూమి లోపలి ఒత్తిడికి, వేడికి లోనై మార్పు చెందగా ఏర్పడిన రాయి. ఒకే దిశలో పల్చని రేకులుగా చీలుట దీని ముఖ్య లక్షణము. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలుచు విశాలమైన శిలాసమూహములో నల్లమల వర్గమునకు చెందిన ఒక భాగమునకు కంభం పట్టణము పేరు మీదనే ‘కంభం ఫార్మేషన్’ అని పేరు పెట్టినారు. మార్కాపురం పలకరాయి దీనిలోనిదే. ఈ శిలలు వంద కోట్ల సంవత్సరములకు పైబడిన వయస్సు గలవి.

రాయి చీలు గుణము వలననే మార్కాపురం చదువుకొను పలకలకు పేరు పొందినది. రేకులుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రము బిగించి పలకలు తయారు చేసేవారు. కాగితపు నోటు పుస్తకములు, తేలికైన అట్ట పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన తరువాత రాతి పలకకు గిరాకీ పడిపోయినది. పరిశ్రమ నేలకు పరచు బిళ్ళలు, గోడ తాపడపు బిళ్ళలు, పైకప్పు పెంకుల వైపు మళ్ళినది. వాటిలో చాలా భాగము విదేశములకు ఎగుమతి అగుచున్నది. బూడిద రంగు, నలుపు, ఆకుపచ్చ ఛాయ, ఇనుము వలన కలిగిన తుప్పు, గోధుమ ఛాయలు కలిసిన ‘మల్టీకలర్’ రకములు ఉన్నాయి. ఫ్యాక్టరీలలో బిళ్ళలు కోయగా మిగిలిన అంచులు, ముక్కలు స్థానికులకు పనికివస్తాయి. సన్నని పట్టీలుగా ఒకదానిపై ఒకటి పేర్చి అతికిన తాపడము వీటితోనే చేయవచ్చును.

పలకరాయిని నాపరాయిగా పొరబడరాదు. బేతంచెర్ల, కడప ప్రాంతముల నుండి వచ్చు నాపరాళ్ళు సున్నపురాయి జాతికి చెందినవి. వాటిపై ఆమ్లపు చుక్క వేస్తే పొంగుతుంది. మేలైన పలకరాయి పొంగదు. రెండూ నల్లగా, బల్లపరుపుగా ఉండుటచే దూరము నుండి ఒకే రీతిగా కనిపిస్తాయి.

గోడకు తాపడము

రాతి తాపడములో మొదట చూడవలసినది బరువు. పలకరాయి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.8 గ్రాములు. 10 మిల్లీమీటర్ల మందము గల బిళ్ళ చదరపు అడుగుకు దాదాపు 2.6 కిలోల బరువు తూగుతుంది. దాని వెనుక 15 మిల్లీమీటర్ల సిమెంటు, ఇసుక అడుసు మరో 2.9 కిలోలు. మొత్తము చదరపు అడుగుకు 5.5 కిలోలు.

ఒక ఉదాహరణ చూద్దాము. మూడు సెంట్ల స్థలము సుమారు 145 చదరపు గజములు. దానిలో 30 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తు గల ముందుగోడ ఉన్నదనుకొందాము. ద్వారము, రెండు కిటికీలు తీసివేయగా 270 చదరపు అడుగులు మిగులుతుంది. అంతటికీ రాయి అతికిస్తే గోడపై పడు అదనపు బరువు దాదాపు ఒకటిన్నర టన్నులు. అదే ద్వారమునకు ఇరువైపులా కలిపి 60 చదరపు అడుగులకే పరిమితము చేస్తే 330 కిలోలు. వీధిలో నిలబడి చూచువారి దృష్టి ఎటూ ద్వారము మీదనే పడుతుంది. కాబట్టి రెండవ పద్ధతిలో ఖర్చు నాల్గవ వంతుకు దిగినా చూపులో పెద్ద లోటు ఉండదు.

ఇటుక గోడకు సిమెంటు పూత గట్టిగా ఉన్నచోట, పాత రంగును గీకి, గోడకు గాట్లు పెట్టి, తడిపి రాయి అతికించవలెను. నునుపైన రంగు మీద నేరుగా అతికిన బిళ్ళలు రంగు పొరతో సహా ఊడివస్తాయి. తలకు మించిన ఎత్తులో పెద్ద బిళ్ళలను కేవలము అడుసుతో అతికించక, తుప్పు పట్టని కొక్కెములతో కూడా బిగించుట క్షేమము. కింద పిల్లలు ఆడుకొను వాకిలి ఉంటుందని మరువరాదు.

మట్టి అడుసుతో కట్టిన రాతి గోడల మిద్దెకు ఈ తాపడము పనికిరాదనియే చెప్పవలెను. ఆ గోడ నేల నుండి పీల్చిన తేమను పై పూత గుండా వదులుతూ ఉంటుంది. దానిపై సిమెంటు, రాయి కప్పితే తేమ లోపలి వైపుకు మళ్ళుతుంది, మట్టి మెత్తబడుతుంది, కొంత కాలమునకు తాపడము ఉబ్బి పొరలుగా విడిపోతుంది. అటువంటి ఇంటికి సున్నమే తగిన అలంకారము. పాత మిద్దెను కొత్త డాబాలా కనిపించునట్లు చేయు ప్రయత్నములో చాలామంది డబ్బు పోగొట్టుకొంటారు. శుభ్రముగా సున్నము కొట్టి, అరుగు సరిచేసి, తలుపు చెక్కకు నూనె పట్టించిన మిద్దె దాని వయస్సుకు తగిన గౌరవముతో కనిపిస్తుంది.

కొన్ని పలకరాళ్ళలో గంధకము, ఇనుము కలిసిన పైరైటు అను ఖనిజపు రేణువులు ఉంటాయి. గాలి, నీరు తగిలినపుడు అవి తుప్పు పట్టి గోడపై ఎర్రని చారలు జారుతాయి. కొన్నపుడు రాతిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తూ కనిపిస్తే అటువంటి రాయిని బయటి గోడకు వాడకుండుట మంచిది. అతికిన తరువాత అంటిన సిమెంటు మరకలను ఆమ్లముతో కడుగుట మరొక పొరపాటు. దాని వలన రాతిలోని ఇనుము మరకలుగా బయటపడుతుంది. తడిబట్టతో అప్పటికప్పుడే తుడుచుట సరియైన మార్గము. ముదురు రంగు కొరకు నూనె పూసిన రాయి ఛాయాచిత్రములో బాగుంటుంది గాని అది దుమ్మును పట్టుకొని కొన్ని నెలలలో మసకబారుతుంది.

నల్లరాయి ఎండను పీల్చుకొంటుంది. పడమర ముఖము గల ఇంటి గోడకంతా నల్ల పలకరాయి తాపడము చేస్తే ఏప్రిల్, మే నెలలలో సాయంత్రము వేళ ఆ గోడ లోపలి గది కొలిమి అవుతుంది. ఉదయము పూట ఇల్లు చూచి వెళ్ళిన కొనుగోలుదారుకు ఈ సంగతి తెలియదు.

రాయి కోయు పనివారి సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవలెను. పలకరాతిలో సిలికా ఉంటుంది. పొడిగా కోసినపుడు లేచు సన్నని ధూళిని ఏళ్ళ తరబడి పీల్చినవారికి సిలికోసిస్ అను నయము కాని ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మధ్యప్రదేశ్‌లోని మందసోర్ ప్రాంతపు బలపముల కార్మికులలో ఈ జబ్బును వైద్యులు విస్తృతముగా అధ్యయనము చేసినారు. ఇంటి ముందు యంత్రముతో రాయి కోయించునపుడు నీరు పోస్తూ కోయించుట, పనివారికి ధూళిని ఆపగల ముసుగు ఇచ్చుట ఇంటి యజమాని బాధ్యత. ముఖానికి కట్టిన తువ్వాలు ఆ ధూళిని ఆపలేదు.

చెమ్మ, పగుళ్ళు

రంగుకు, రాయికి ముందు చూడవలసినది నీటి దారి. ఈ ప్రాంతములో సంవత్సరములో ఎక్కువ భాగము పొడిగా ఉండుట వలన గోడల చెమ్మ కంటికి కనబడదు. అక్టోబరు, నవంబరు నెలల ఈశాన్య ఋతుపవన వర్షములలో, తుఫాను ముసురు పట్టినపుడు అది బయటపడుతుంది. మే నెలలో చూచిన ఇల్లు కప్పు కారుతుందో లేదో చెప్పదు. అందుచేత అమ్మువాడు నిజాయితీగా బాగుచేయదలచినచో వానలు వెలిసిన వెంటనే ఇంటిని పరిశీలించి, డిసెంబరు తరువాత గోడలు ఆరినపుడు పని చేయించవలెను. ఆషాఢ, పుష్య మాసములలో ఇళ్ళ బేరములు మందగిస్తాయి గనుక పుష్యమాసము పనులకు అనువైన సమయము.

బేస్‌మట్టము పైన రెండు మూడు అడుగుల ఎత్తు వరకు రంగు పొక్కి, తెల్లని ఉప్పు పొడి రాలుతుంటే నేల తేమ పైకి ఎక్కుచున్నదని అర్థము. మెట్ట ప్రాంతపు బోరు నీటిలో లవణములు ఎక్కువ. అట్టి నీటితో అడుసు కలిపి, అదే నీటితో గోడలు తడిపిన ఇళ్ళలో ఈ ఉప్పు మరింతగా కనిపిస్తుంది. (ఇనుప కడ్డీలు గల కాంక్రీటుకు వాడు నీటిలో క్లోరైడులు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణము ఐఎస్ 456 చెప్పుచున్నది.) పొక్కినచోట పుట్టీ పెట్టి రంగు వేస్తే ఒక వర్షాకాలము వరకు ఆగుతుంది. పాడైన పూతను ఇటుక కనబడు వరకు తీసివేసి, గోడను ఆరనిచ్చి, ముంగిలి మట్టమును బేస్‌మట్టము కన్న దిగువకు తగ్గించి, వాననీరు గోడ నుండి దూరముగా పోవునట్లు వాలు పెట్టుట అసలు వైద్యము. వీధి రోడ్డు ఏటేటా ఎత్తు పెరిగి ఇల్లు పల్లములో పడిన చోట ఇది కష్టమైన పని. ఆ లోపమును ఏ రంగూ తీర్చలేదు.

సజ్జల అడుగున కడ్డీ వెంబడి సాగు పగులు మరొక గుర్తు. కడ్డీకి తుప్పు పట్టినపుడు దాని పరిమాణము పెరిగి కాంక్రీటును చీల్చుతుంది. వదులైన కాంక్రీటును రాల్చి, తుప్పు గీకి, పూత వేసి తిరిగి కట్టవలెను. గోడ మూల నుండి మెట్లు మెట్లుగా దిగిన పగులు పునాది కుంగినందువలన కావచ్చును. నల్లరేగడి నేలలలో ఇది సాధారణము. అటువంటి పగులు ఉన్న ఇంటికి ముందుగా ఇంజనీరును పిలువవలెను గాని రంగుల పనివానిని కాదు. వెంట్రుక వాసి పగుళ్ళు మాత్రము పూత ఆరునపుడు ఏర్పడునవే, వాటికి భయపడనక్కరలేదు.

రంగులు

పాత సున్నము మీద సిమెంటు రంగు పట్టదు. సున్నము పొరతో సహా ఊడిపోతుంది. కాబట్టి సున్నమును పూర్తిగా గీకివేసిన తరువాతనే సిమెంటు రంగు వేయవలెను, వేసిన తరువాత నీళ్ళు చల్లి తడపవలెను. ఎమల్షన్ రంగుకు గోడ బాగుగా ఆరి ఉండవలెను. కిటికీ ఊచలు, గేటు, తలుపులకు వేసిన పాత ఎనామిల్ రంగులలో సీసము ఉండే అవకాశము కలదు. భారతదేశములో ఇళ్ళకు వాడు రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమము 2016లో వెలువడి 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చినది. అంతకు ముందరి రంగును పొడిగా గరుకు కాగితముతో రుద్దునపుడు లేచు ధూళి చిన్నపిల్లలకు హానికరము. తడిపి రుద్దుట మేలు.

ఏ రంగు వేయవలెను అన్న ప్రశ్నకు లేత రంగులు అన్నదే అనుభవజ్ఞుల సమాధానము. అమ్మువానికి నచ్చిన గులాబీ, ఊదా రంగులు కొనువానికి నచ్చనక్కరలేదు. లేత రంగు ఇంటి వెడల్పును కొద్దిగా పెంచి చూపుతుంది, ఎండను తగ్గిస్తుంది.

ముంగిలి, గేటు, వాస్తు

తక్కువ ఖర్చుతో ఎక్కువ మార్పు తెచ్చు పనులు ముంగిలిలోనే ఉన్నాయి. పోగుపడిన పాత ఇసుక, కంకర, విరిగిన కుర్చీలు తీసివేయుట, గేటుకు తుప్పు వదిలించి రంగు వేయుట, కిర్రుమను బందులకు నూనె వేయుట, వేలాడు విద్యుత్ తీగలను గొట్టములో పెట్టుట, నీటి తొట్టి పాచి కడుగుట, ఇంటి నంబరు పలక సరిచేయుట. వేప, కానుగ వంటి చెట్టు వాకిట ఉన్నట్లయితే దానిని నరికివేయుట తెలివితక్కువ పని. నీడ ఈ ఊళ్ళలో అమ్ముడుపోవు వస్తువే.

కొనుటకు వచ్చినవారు గోడ రంగు కన్న ముందు నీటి సంగతి అడుగుతారు. పశ్చిమ ప్రకాశములో భూగర్భ జలములలో ఫ్లోరైడు అధికముగా ఉన్న ఊళ్ళు చాలా ఉన్నాయి. మునిసిపల్ కుళాయి, బోరు లోతు, వేసవిలో బోరు నీరు ఇచ్చు తీరు చెప్పగలిగిన అమ్మకందారునికి రాతి తాపడము లేకున్నను నష్టము లేదు.

మురుగు కాలువపై కట్టిన మెట్లు, వాహనము ఎక్కించు ర్యాంపు, అరుగు ముందుకు జరిపిన భాగము ఇంటి ముఖమును విశాలముగా చూపుతాయి. అయితే అవి పురపాలక సంఘపు స్థలములో ఉన్నవి. రోడ్డు వెడల్పు చేయునపుడు మొదట తొలగించునవి అవే. వాటిని పాలరాతితో తీర్చిదిద్ది ధరలో కలుపుట అమ్మువాడు చేయరాని పని. దస్తావేజులోని కొలతలతో సరిచూచుకొనుట కొనువాడు మానరాని పని.

వాస్తు నమ్మకము బేరమును ప్రభావితము చేయుట వాస్తవము. వీధిపోటు, ఈశాన్యములో మెట్లు, నైఋతిలో గేటు వంటివి ఉన్నవని కొందరు వెనుదీస్తారు. గేటును కొన్ని అడుగులు జరుపుట తేలికైన పని గనుక కొందరు అమ్మకమునకు ముందు ఆ మార్పు చేయిస్తారు. ఈశాన్యమును ‘పెంచుటకు’ ప్రహరీని పక్కవారి హద్దులోకి జరిపిన సందర్భములలో వాస్తు దోషము పోయి వ్యాజ్యము మిగులుతుంది. స్లాబును మోయు గోడలో కొత్త ద్వారము కొట్టించుట ఇంజనీరు సలహా లేకుండా చేయరాదు. పిట్టగోడకు కట్టిన దిష్టిబొమ్మ, బూడిద గుమ్మడికాయల వలన ఇంటి అందము చెడునా అన్న ప్రశ్న ఇతర దేశములవారికి రావచ్చును గాని ఇక్కడ ఎవరికీ రాదు.

చట్టము

1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 55వ సెక్షను అమ్మువాని, కొనువాని బాధ్యతలను చెప్పుచున్నది. వేరు ఒప్పందము లేనప్పుడు, అమ్మువానికి తెలిసి కొనువానికి తెలియని, సాధారణ జాగ్రత్తతో కొనువాడు కనిపెట్టలేని ముఖ్యమైన లోపము ఆస్తిలో గాని హక్కులో గాని ఉన్నచో దానిని అమ్మువాడు వెల్లడించవలెను. అట్లు వెల్లడించకపోవుట మోసముగా పరిగణింపబడునని ఆ సెక్షనే చెప్పుచున్నది. ఒప్పందము కుదిరిన తరువాత ఇంటిని అప్పగించు వరకు సాధారణ వివేకము గల యజమాని వలె దానిని కాపాడు బాధ్యత కూడా అమ్మువానిదే.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 17వ సెక్షను, ఒప్పందమునకు ఒప్పించు ఉద్దేశముతో, తెలిసిన సంగతిని చేతలతో కప్పిపుచ్చుటను మోసములలో ఒకటిగా లెక్కించినది. అలంకరణకు, మోసమునకు మధ్య గీత ఇక్కడ ఉన్నది. మాసిన గోడకు రంగు వేయుట అలంకరణ. కుంగిన మూలను తెలిసి, ఆ పగులుకు పుట్టీ పెట్టి, పైన పలకరాయి అతికి, ‘గోడలు గట్టివి’ అని చెప్పుట అలంకరణ కాదు. ‘పైన పటారం లోన లొటారం’ అని జనులు చెప్పుకొను సామెత ఇటువంటి ఇంటికి సరిగ్గా సరిపోవును. మరొక వైపు, కళ్ళ ముందు కనిపించు లోపమును చూడక కొన్నవానికి చట్టము నుండి ఎక్కువ ఆసరా దొరకదు.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము క్రింద, నమోదు పరిధిలోకి వచ్చు కొత్త ప్రాజెక్టులలో నిర్మాణ లోపములు అప్పగించిన నాటి నుండి అయిదు సంవత్సరముల లోపు బయటపడితే నిర్మాణదారు ఉచితముగా సరిచేయవలెను. పాత ఇంటిని ఒక కుటుంబము మరొక కుటుంబమునకు అమ్మునపుడు ఈ రక్షణ వర్తించదు.

స్కాట్లాండులో 2008 డిసెంబరు నుండి ఇంటిని అమ్మకమునకు పెట్టువారు ముందుగా సర్వేయరుచే ఇంటి స్థితిపై ‘హోమ్ రిపోర్టు’ తయారు చేయించవలసి ఉన్నది. మన దేశములో అటువంటి నియమము లేదు. కొనువాడే తాపీ మేస్త్రీనో ఇంజనీరునో వెంట తెచ్చుకొనవలెను.

ఖర్చు, రాబడి

చిన్న పట్టణములలో ఇంటి ధరలో స్థలము విలువయే పెద్ద భాగము. ఇల్లు బాగా పాతదై, కొనువాడు పడగొట్టి కొత్తది కట్టుకొనదలచిన పక్షములో ముందుగోడపై పెట్టిన ప్రతి రూపాయి వృథా. మధ్యవర్తిని ముందుగా అడుగవలసిన ప్రశ్న ఇది: వచ్చువారు ఇంటిని కొనుటకు వస్తున్నారా, స్థలమును కొనుటకు వస్తున్నారా? రిజిస్ట్రేషనుకు ప్రభుత్వము నిర్ణయించిన మార్కెట్ విలువ స్థలము ఉన్న చోటు, విస్తీర్ణము, కట్టడపు రకముపై ఆధారపడుతుంది. తాపడము, రంగుల వలన అది మారదు.

వడ్డీకి అప్పు తెచ్చి ఎలివేషన్ చేయించుట ఎప్పుడూ మంచిది కాదు. బేరము ఆరు నెలలు ఆలస్యమైతే వడ్డీ, పెరిగిన ధరను తినివేస్తుంది. చేతిలో ఉన్న కొద్ది సొమ్మును మొదట కప్పు కారుటను ఆపుటకు, తరువాత సజ్జలకు, ఆ తరువాత గేటు, ముంగిలికి, మిగిలితే రంగుకు వాడవలెను. రాతి తాపడము ఈ వరుసలో చివరిది. మార్కాపురం చుట్టుపక్కల రాయి చేరువలోనే దొరకుట వలన రవాణా ఖర్చు కలిసివస్తుంది గాని, కోత, అతికింపు కూలి రాతి ధరను మించిపోవుట సాధారణము. మరమ్మతులకు అయిన రసీదులను దాచి కొనువానికి చూపుట మేలు. పగులు ఎక్కడ ఉండేదో, ఎలా సరిచేసినారో చెప్పు కాగితము చట్టప్రకారము వెల్లడించినట్లు రుజువు కూడా అవుతుంది.

కొనువారు గమనించవలసినవి

కొత్తగా రాయి అతికిన గోడను నాణెముతో గాని వేలి కణుపుతో గాని తట్టి చూడవచ్చును. బోలు శబ్దము వచ్చినచోట అడుసు పట్టలేదని తెలుసుకొనవలెను. ముందుగోడ ఒక్కటే కొత్తదై పక్క గోడలు, వెనుక గోడ పాతవిగా ఉంటే వెనుక నుండి చూచుట మొదలు పెట్టవలెను. ముందుగోడకు లోపలి వైపున మంచము, బీరువా ఆనించి ఉంటే వాటిని జరిపించి అడుగు భాగము చూడవలెను. బయట రాయి కప్పిన చెమ్మ లోపలి పూతపై కనిపిస్తుంది. పలకరాయి తాపడము నేల వరకు దిగిన ఇళ్ళలో గోడ అడుగున ఒక బిళ్ళను తీసి చూపమని అడుగుటలో తప్పులేదు. ఒకసారి ఉదయము, ఒకసారి సాయంత్రము, వీలైతే ఒక వాన పడిన మరునాడు ఇంటిని చూచి బయానా ఇచ్చుట ఈ ప్రాంతములో పెద్దలు పాటించు పద్ధతి.